స్టిల్ ఎంఎస్ 180: మొదటి ‘టప్’ వింటే లొంగుతుంది, వినకపోతే మొండికేస్తుంది

ఇంటి వంటచెరకుకు, గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మ నరకడానికి, గాలికి పడ్డ వేప కొమ్మల్ని పొయ్యిలో పట్టేంత ముక్కలు చేయడానికి మిషన్ రంపం కొందామని దుకాణానికి వెళ్తే రెండు రకాలు ముందు పెడతారు. ఒకటి స్టిల్ ఎంఎస్ 180. రెండోది పైన ఏ పేరున్నా లోపల అంతా ఒకే అచ్చుగా ఉండే 58 సీసీ చైనా రకం. స్టిల్ ధరలో సుమారు మూడో వంతుకే రెండోది వస్తుంది, పైగా ఇంజిన్ దాదాపు రెట్టింపు. సీసీ చూసి కొనేవాళ్లు అటే మొగ్గుతారు. అయితే కొన్న ఆరు నెలలకు కొట్టం మూలన చేరిన రంపాల్లో బలం చాలక చేరినవి తక్కువ. తాడు లాగి లాగి భుజం పట్టేసి, విసుగొచ్చి పక్కన పడేసినవే ఎక్కువ. అందుకే ఇక్కడ కోత గురించి కొంచెమే, స్టార్టింగ్ గురించే ఎక్కువ.

ముందు కొలతలు. ఎంఎస్ 180 ఇంజిన్ 31.8 సీసీ, బలం సుమారు 2 హార్స్‌పవర్. బార్ (చైన్ తిరిగే పట్టీ), చైన్ లేకుండా బరువు దాదాపు 4 కిలోలు. పెట్రోల్ ట్యాంకు పావు లీటరు, చైన్ ఆయిల్ ట్యాంకు 145 మిల్లీలీటర్లు. బార్ 14 అంగుళాలదీ దొరుకుతుంది, 16 దీ దొరుకుతుంది. 14 దే తీసుకోండి. ఈ ఇంజిన్‌కు అదే నప్పుతుంది, ఆకురాయి పట్టాల్సిన పళ్లూ తక్కువ. సర్వి, సుబాబుల్, జామాయిల్ లాంటివి అడుగు మందం దాకా ఇబ్బంది లేకుండా తెగుతాయి. ఎండిన నల్లతుమ్మ, చింత మొద్దు దగ్గర మాత్రం నెమ్మదిస్తుంది. అక్కడ రంపాన్ని బలంగా నొక్కడం మొదలుపెడితే క్లచ్ వేడెక్కడం తప్ప లాభం లేదు. జంగారెడ్డిగూడెం వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లకు కోసినట్టు టన్నుల లెక్కన కట్టెలు కోసేవాళ్లు దీన్ని కొనకండి, 50 సీసీ పైబడిన మంచి కంపెనీ రంపం చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఈ మిషన్‌కు వెనక పిడి దగ్గర ఒకే మీట ఉంటుంది, నాలుగు స్థానాలు. అన్నిటికన్నా పైన ఆపే 0, దాని కింద నడిచే ఐ, ఆ కింద సగం రేజ్, అట్టడుగున చోక్. మీట కిందికి దిగాలంటే పిడి మీది లాకునూ రేజ్ ట్రిగ్గర్‌నూ కలిపి నొక్కి ఉంచాలి. చల్లగా ఉన్న మిషన్‌ను స్టార్ట్ చేసే పద్ధతి ఇది: ముందర ఉన్న చేతి కవచాన్ని ముందుకు తోసి చైన్ బ్రేక్ వేయండి. రంపాన్ని నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలి ముందు భాగం దూర్చి తొక్కిపట్టి, ఎడమ చేత్తో ముందు పిడిని కిందికి అదమండి. మీట చోక్‌లో పెట్టండి. తాడును బిగువు తగిలేదాకా మెల్లగా లాగి, అక్కడినుంచి గట్టిగా గుంజండి. రెండో మూడో ఐదో లాగుడులో ఇంజిన్ ఒక్కసారి ‘టప్’మని దగ్గి ఆగిపోతుంది. మీట ఒక మెట్టు పైకి, అంటే సగం రేజ్‌కు మార్చాల్సింది సరిగ్గా అప్పుడే. మరో రెండు లాగుడుల్లో అందుకుంటుంది. అందుకోగానే ట్రిగ్గర్ ఒకసారి నొక్కి వదిలితే మీట దానంతటదే ఐ లోకి వస్తుంది. తర్వాతే కవచాన్ని వెనక్కి లాగి బ్రేక్ వదలండి. బ్రేక్ ఉండగా రేజ్ ఇచ్చుకుంటూ పోతే క్లచ్ కాలుతుంది.

ఆ ‘టప్’ చిన్న శబ్దం. పక్కన ట్రాక్టర్ ఆగకుండా నడుస్తున్నా, నలుగురు మాట్లాడుతున్నా వినపడదు. వినక ఇంకో పది సార్లు చోక్‌లోనే లాగితే మిషన్ పెట్రోల్ తాగేస్తుంది, అంటే ఫ్లడ్ అవుతుంది. కారణం సులువే. చోక్ మూసినప్పుడు గాలి దారి దాదాపు మూసుకుపోయి, ప్రతి లాగుడికీ కార్బురేటర్ నుంచి వట్టి పెట్రోలే ఎక్కువగా లోపలికి వస్తుంది. చల్లని ఇంజిన్ మొదటిసారి అంటుకోవడానికి ఆ చిక్కదనం కావాలి. ఒకసారి అంటుకున్నాక అదే చిక్కదనం ప్లగ్‌ను తడిపి మంటను చంపుతుంది. వేడిగా ఉన్న మిషన్‌ను, ఉదాహరణకు పెట్రోల్ పోయడానికి ఐదు నిమిషాలు ఆపినదాన్ని, అలవాటుగా చోక్‌లో పెట్టి లాగడం రెండో తప్పు. వేడి మిషన్‌కు సగం రేజ్ చాలు. ట్యాంకు పూర్తిగా ఎండిపోయేదాకా నడిపి ఆపినప్పుడు మాత్రం, వేడిగా ఉన్నా చోక్‌తో కొన్ని ఎక్కువ లాగుడులు తప్పవు. మామూలు ఎంఎస్ 180 కి పెట్రోల్ ఎక్కించే రబ్బరు బుడగ లేకపోవడం దీనిలో నిజంగా లోటే.

ఫ్లడ్ అయిందని ఎలా తెలుస్తుంది? సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన కొడుతుంది, ఎంత లాగినా దగ్గు కూడా రాదు. అప్పుడు పానా వెతకాల్సిన పనిలేదు. మీట సగం రేజ్‌లో పెట్టండి, చోక్ వద్దు. బ్రేక్ వేసే ఉండాలి. వెనక పిడిని ఎప్పటిలాగే బూటుతో తొక్కిపట్టి, ఆపకుండా పది పదిహేను సార్లు లాగండి. గాలి దారి తెరుచుకుని, లోపలి తడిని ఆ గాలే బయటికి తోస్తుంది. ముందు తడబడుతూ, తెల్లటి పొగతో అంటుకుంటుంది. అంటుకున్న క్షణమే ట్రిగ్గర్ ఒకసారి నొక్కి వదలండి.

అప్పటికీ రాకపోతే పై మూత తీసి, 19 ఎంఎం గొట్టం పానాతో ప్లగ్ విప్పండి. మీట 0 లో పెట్టండి, ఇది మరవద్దు. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోల్ తుంపరగా చిమ్ముతుంది, అక్కడ నిప్పురవ్వ పడితే ముఖం కాలుతుంది. రంపాన్ని తలకిందులు చేసి, రంధ్రం మీకు ఎదురుగా లేకుండా తిప్పి, ట్రిగ్గర్ నొక్కి ఉంచి పది సార్లు లాగండి. ప్లగ్‌ను పొడి గుడ్డతో తుడిచి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. దాన్ని గ్యాస్ పొయ్యి మీద కాల్చే అలవాటు చాలాచోట్ల ఉంది. పింగాణీ పగిలితే కొత్త ప్లగ్ ఖర్చు. ప్లగ్ కొసన సందు 0.5 ఎంఎం ఉండాలి. బిగించాక, పెట్రోల్ ఒలికిన చోటు నుంచి పది అడుగులు పక్కకు జరిగి స్టార్ట్ చేయండి.

ప్లగ్ చేతిలో ఉన్నప్పుడే సగం రోగం తెలిసిపోతుంది. పది లాగుడుల తర్వాత కూడా ఎండుగా ఉంటే పెట్రోల్ పైకి రావడం లేదు. ట్యాంకులో పైపు కొసన ఉండే చిన్న ఫిల్టర్ మూసుకుపోయిందా, పైపు గట్టిపడి పగిలిందా చూడండి. ట్యాంకు మూత కాస్త వదులు చేస్తే నడుస్తూ, బిగిస్తే పావుగంటకు ఆగిపోతుంటే ట్యాంకుకు గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టు. ప్లగ్ తడిగా ఉండి మంట రాకపోతే నిప్పు పరీక్ష చేయాలి. లోపలి పెట్రోల్ ఆవిరి పోయాక, ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని లోహపు అంచును సిలిండర్ లోహానికి ఆనించి, రంధ్రానికి దూరంగా పట్టుకుని, మీట ఐ లో ఉంచి లాగండి. నీలం రవ్వ రావాలి. రాకపోతే ముందు వేరే ప్లగ్‌తో చూసి, ఆ తర్వాతే ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ మీద అనుమానపడండి. ప్లగ్ బాగుంది, పెట్రోల్ ఉంది, నిప్పు ఉంది, అయినా పలకదంటే తాడు పట్టుకుని రంపాన్ని నేలకు జానెడెత్తున వేలాడదీయండి. కాసేపు ఆగి మెట్లు మెట్లుగా దిగితే కంప్రెషన్ ఉన్నట్టు. జారిపోయినట్టు దిగిపోతే సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూడాలి. నిలువు గీతలు కనిపిస్తే నూనె చాలక పట్టేసిందన్నమాట.

మన ఎండలకే ప్రత్యేకమైన తగువు ఒకటుంది. ట్యాంకు నిండా పోసి రంపాన్ని ట్రాలీలో ఎండకు పడేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే సూది కింద ఇసుక రేణువంత చెత్త ఉన్నా, ఆ ఒత్తిడికి పెట్రోల్ మెల్లగా ఇంజిన్‌లోకి కారుతుంది. సాయంత్రం లాగితే తాడే బిగుసుకుంటుంది, చోక్ ముట్టుకోకుండానే ఫ్లడ్. నీడన పెట్టండి. ఇంజిన్ చల్లారాక, దగ్గర్లో బీడీ కూడా లేకుండా చూసుకుని, మూత మెల్లగా తిప్పి గాలి వదిలాకే స్టార్ట్ చేయండి. నీడలో ఉన్నా మళ్లీ మళ్లీ ఇలాగే అవుతుంటే సూది, డయాఫ్రం (కార్బురేటర్‌లోని పలుచని పొర) మార్పించాల్సిందే. కార్బురేటర్ స్క్రూలు తిప్పి దీన్ని బాగుచేసినవాళ్లు లేరు. ఐడిల్ కోసం ఎల్ఏ అని రాసి ఉండే స్క్రూ ఒక్కటే మీరు ముట్టుకోదగ్గది. ఇంజిన్ ఊరకే నడుస్తున్నప్పుడు చైన్ తిరగకూడదు, కొలత అదే.

పెట్రోల్‌లో ఆయిల్ కలిపే దగ్గర పిసినారితనమూ వద్దు, ఉదారతా వద్దు. ఎంఎస్ 180 కి స్టిల్ 2టీ ఆయిల్‌తో 50 కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. 58 సీసీ చైనా రకాలకు సాధారణంగా 25 కి 1 అని రాసి ఉంటుంది, లీటరుకు 40. రెండు రంపాలకూ ఒకే డబ్బా వాడితే ఒకదానికి అన్యాయం జరుగుతుంది. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్ నల్లబడి, సైలెన్సర్ జాలీ మసితో మూసుకుపోతుంది. అప్పుడు స్టార్ట్ అవుతుంది గానీ రేజ్ ఎక్కదు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. బైకుల 4టీ ఆయిల్ కలపడం మూడో రకం తప్పు, దాన్ని ఇలా పెట్రోల్‌తో కలిసి కాలడానికి చేయలేదు. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది గాలిలో తేమను పీలుస్తుంది, నిలవుంటే రబ్బరును పాడుచేస్తుంది. కాబట్టి లీటరుకు మించి కలపవద్దు, కలిపింది నెల దాటితే రంపంలో పోయవద్దు.

ఇక 58 సీసీ రకం. దానికి నాలుగు స్థానాల మీట ఉండదు. చోక్ వేరే, ఆపే స్విచ్ వేరే, పెట్రోల్ ఎక్కించే బుడగ వేరే. బుడగ ఎక్కువసార్లు నొక్కితే ఫ్లడ్ అవుతుందని చాలామంది భయపడతారు. చాలావాటిలో ఆ బుడగ పెట్రోల్‌ను తిప్పి మళ్లీ ట్యాంకులోకే పంపుతుంది, నిండేదాకా నొక్కండి. వాటిలో చూడాల్సినవి వేరే ఉన్నాయి. కొత్తదే అయినా కాయిల్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య సందు సరిగా ఉండకపోవచ్చు. విజిటింగ్ కార్డు మందమంత, సుమారు 0.3 ఎంఎం పెట్టి బిగించాలి. తాడు చేతిలోంచి ఎదురు గుంజితే ఫ్లైవీల్‌ను పట్టి ఉంచే కీ తెగి టైమింగ్ (నిప్పు పడే వేళ) పక్కకు జరిగిందేమో చూడాలి. బరువు కూడా ఎక్కువే, 20 అంగుళాల బార్‌తో కొమ్మలు కోస్తుంటే నడుము చెబుతుంది. ఊళ్లో చేయి తిరిగిన మెకానిక్ ఉంటే, విడిభాగాలు చౌకగా దొరుకుతుంటే, పెద్ద మొద్దులే మీ పనైతే అది దండగ కాదు. మెకానిక్ లేని ఊరికి మాత్రం తీసుకెళ్లకండి.

కోత విషయంలో ఎంఎస్ 180 చైన్ సన్నరకం, అందుకే మట్టిని అసలు ఓర్చుకోదు. గట్టు మీద దొర్లిన దుంగ బెరడులో ఇసుక ఉంటుంది. ఒక్కసారి నేల తగిలితే చాలు, పదును పోతుంది. దుంగను కింద ఇంకో కట్టె పెట్టి లేపండి. అది కుదరకపోతే పైనుంచి ముప్పాతిక వంతు కోసి, దొర్లించి మిగతాది కోయండి. కంచెకు వాడిన వేప, తుమ్మల్లో మేకులు, ముళ్లతీగ లోపలికి పెరిగి ఉంటాయి, ముందే వెతకండి. రంపం పొట్టు బదులు పిండి రాలుస్తుంటే మొద్దుబారినట్టే. 4 ఎంఎం గుండ్రని ఆకురాయితో, 30 డిగ్రీల వాలులో, లోపలినుంచి బయటికి ప్రతి పంటికీ రెండు మూడు తోపులు. ట్యాంకుకోసారి ఇలా చేస్తే షాపుకు పంపే పని పడదు. చైన్ ఆయిల్ బదులు బండిలోంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తారు. అందులోని ఇనుప రజను ఆయిల్ పంపును తినేస్తుంది. కొత్త చైన్ కొనేటప్పుడు బార్ మీద రాసి ఉన్న అంకె చదవండి. 1.1 ఎంఎం బార్‌లో 1.3 ఎంఎం చైన్ దూరదు, 1.3 ఎంఎం బార్‌లో 1.1 ఎంఎం చైన్ వదులుగా ఊగుతుంది.

రంపం చేతికొచ్చిందని కనపడ్డ చెట్టల్లా కోయడానికి లేదు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద సొంత పొలంలో చెట్టుకు కూడా అనుమతి కావాల్సి రావచ్చు. ఏ రకాలకు మినహాయింపు ఉందో అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి మొదలుపెట్టండి. కోత సంక్రాంతి తర్వాత పెట్టుకుంటే, చీల్చి పేర్చిన కట్టె వానాకాలానికి ఆరుతుంది.

కొనేటప్పుడు అధీకృత డీలర్ దగ్గరే కొనండి, ఆ నారింజ తెలుపు రంగుల్లో నకిలీలు తిరుగుతున్నాయి. బిల్లుతో పాటే ఒక ప్లగ్, ఒక పెట్రోల్ ఫిల్టర్, రెండో చైన్, ఆకురాయి తెచ్చుకోండి. డీలర్ ముందే చల్లని మిషన్‌ను మీరే మీ చేత్తో రెండుసార్లు స్టార్ట్ చేయండి, ఆ ‘టప్’ చెవికి పడుతుంది. వానలకు మూల పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఐడిల్‌లో నడిపి, ఎయిర్ ఫిల్టర్ సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాక బిగించండి.