పాదం ఎముక విరిగాక వాకింగ్ బూట్: నెలల తరబడి వాడాక నా అభిప్రాయం

మెట్టు దిగుతుంటే నా కుడిపాదం లోపలికి మడతపడి, చిటికెన వేలి వెనక పాదం బయటి అంచున ఉండే పొడవాటి ఎముక, అంటే ఐదో మెటాటార్సల్, మొదలు దగ్గర (మడమ వైపు కొసన) విరిగింది. ముక్క పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదని, వాకింగ్ బూట్ (పాదాన్ని కదలకుండా పట్టీలతో బిగించి ఉంచే గట్టి వైద్య బూట్) వేసుకుని నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడవమని డాక్టర్ చెప్పారు.

అదే ఎముక విరిగినా అందరికీ ఒకే వైద్యం ఉండదు. ఎముక మొదలు దగ్గర, స్నాయువు లాగడం వల్ల ఊడిన ముక్క మామూలుగా 6 నుంచి 8 వారాల్లో కుదురుకుంటుంది. దానికంటే కాస్త వేళ్ల వైపు, రక్తప్రసరణ తక్కువగా ఉండే చోట విరిగితే జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. రాబర్ట్ జోన్స్ అనే సర్జన్ డాన్స్ చేస్తూ తన పాదమే విరగ్గొట్టుకుని, 1902లో దాని గురించి రాశారు. అది నెమ్మదిగా అతుకుతుంది, కొందరికి స్క్రూ వేయాల్సి వస్తుంది. కాబట్టి ఎక్కడ విరిగిందో డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నాకే నేను చెప్పేది చదవండి.

బూట్‌లో నాకు బాగా నచ్చింది అడుగున ఉండే వంపు సోల్. అడుగు వేసినప్పుడు పాదాన్ని వంగనివ్వకుండా ముందుకు దొర్లిస్తుంది, విరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. గాలి నింపే రకం తీసుకోవడం కూడా కలిసొచ్చింది. పొద్దున్న సరిగ్గా సరిపోయిన బూట్ సాయంత్రానికి వాపుతో బిగుతైపోయేది, కాస్త గాలి తీసేస్తే హాయిగా ఉండేది. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే పట్టీలు వదులు చేయాలి. చెమట, బరువు తప్పవు. పొడవాటి కాటన్ సాక్స్ వేసుకుంటే చాలావరకు భరించవచ్చు.

అసలు ఇబ్బంది ఎత్తుతో వచ్చింది. బూట్ వేసుకున్న కాలు రెండో కాలికంటే పొడవైపోతుంది. కొద్దిరోజులకే నడుము, రెండోవైపు తుంటి పట్టేశాయి. విరిగిన పాదం కంటే అవే ఎక్కువ బాధపెట్టాయి! రెండో చెప్పు కింద కట్టుకునే రబ్బరు ఎత్తు దొరుకుతుంది, లేదంటే మందపాటి సోల్ ఉన్న షూ వేసుకోవచ్చు. బూట్ అమ్మేటప్పుడే ఈ మాట అందరికీ చెప్పాలి.

మొదట్లో చంకకర్రలు కూడా వాడాను. బరువు చంకల మీద కాదు, అరచేతుల మీద పడాలి, లేకపోతే చంకలో నరాలు నొక్కుకుంటాయి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతగిలిన కాలు ముందు. కుడికాలికి బూట్ ఉన్నన్నాళ్లూ కారు నడపకూడదు. పిక్క వాచి నొప్పి పుడితే బూట్ బిగుతు వల్లే అనుకోకుండా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, అది రక్తం గడ్డకట్టడం కావచ్చు.

బూట్ తీసేశాక అన్నీ అయిపోతాయని చాలామంది అనుకుంటారు. నా మటుకు అసలు కష్టం అక్కడే మొదలైంది. పిక్క సన్నబడింది, చీలమండ బిగుసుకుపోయింది, కుంటడం అలవాటైంది. గాల్లో కాలి బొటనవేలితో అక్షరాలు రాయడం, కాలివేళ్లతో తువ్వాలు దగ్గరకు లాక్కోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం ఫిజియోథెరపిస్ట్ నేర్పించారు. చూడ్డానికి చిన్నవే గానీ రోజూ చేస్తేనే నడక తిరిగొచ్చింది. నొప్పి పోయినా ఎక్స్‌రేలో గీత కొంతకాలం కనిపిస్తూనే ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. విరిగిన చోట వేలితో నొక్కితే నొప్పి ఉందో లేదో కూడా చూసి, ఎముక అతికిందో లేదో డాక్టర్ నిర్ణయిస్తారు.

సాయంత్రం వాపు నెలల తరబడి వస్తూనే ఉంది, కాలు గుండెకంటే ఎత్తులో పెట్టుకుంటే తగ్గేది. ఇప్పుడు బయటికి వెళ్తే గట్టి సోల్, ముందు వెడల్పు ఉన్న షూ వేసుకుంటున్నాను. దెబ్బతగిలిన ఒక్క కాలి మీదే మడమ ఎత్తి నిలబడగలిగాక ఫిజియోథెరపిస్ట్ మెల్లగా పరిగెత్తడానికి ఒప్పుకున్నారు.