పోర్షియా కోసం వేసుకున్న రగ్బీ యాప్: మ్యాచ్‌లు సూపర్, వెతకడం నరకం

పాత రగ్బీ మ్యాచ్‌లు మొదటి నుంచి చివరిదాకా ఉచితంగా చూపించే యాప్ ఇది. కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. నేను వేసుకున్నదల్లా ఒక్క ప్లేయర్ కోసం, న్యూజిలాండ్ వింగర్ (మైదానం అంచున ఆడే ప్లేయర్) పోర్షియా వుడ్‌మన్-విక్లిఫ్. నెట్‌బాల్ ఆడుకునే అమ్మాయి 2012లో రగ్బీ సెలక్షన్స్‌కి వెళ్లి, ఆ తర్వాత రెండు ఒలింపిక్ స్వర్ణాలు, పదిహేనుమంది ఆడే రగ్బీలో రెండు వరల్డ్ కప్‌లు పట్టుకొచ్చింది. ఆవిడ ట్రైల (అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై) క్లిప్‌లు నెట్‌లో కుప్పలుగా దొరుకుతాయి. వాటితో వచ్చిన చిక్కేంటంటే అన్నింట్లోనూ గెలుపే కనిపిస్తుంది.

ఉదాహరణకి 2017 వరల్డ్ కప్‌లో హాంకాంగ్ మీద 121-0తో గెలిచిన మ్యాచ్. పోర్షియా ఒక్కతే 8 ట్రైలు. క్లిప్‌లో ఎనిమిదీ ఒకేలా ఉంటాయి, బంతి అందుకుంది, గీత దాటింది, అంతే. మొత్తం మ్యాచ్ పెట్టుకుంటే మాత్రం, లోపల తొమ్మిదిమందో పదిమందో గుద్దుకుని, కిందపడి, బంతిని చేతులు మార్చుకుంటూ అటు చివరిదాకా ఎలా తెస్తున్నారో తెలుస్తుంది, వింగర్ అప్పటిదాకా గీత పక్కన ఖాళీగా ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా ఎలా కదులుతుందో కూడా.

అసలు ఈ యాప్ ఉంచుకున్నది ఆవిడకి కలిసిరాని మ్యాచ్‌ల కోసం. 2016 రియో ఒలింపిక్ ఫైనల్, ఆస్ట్రేలియాతో. పోర్షియాకి ఎల్లో కార్డ్, అంటే కాసేపు మైదానం బయటే. ఒలింపిక్స్‌లో ఆడేది సెవెన్స్, జట్టుకి ఏడుగురే, మ్యాచ్ కూడా చాలా చిన్నది, అందులో 2 నిమిషాలు ఆరుగురితో నెట్టుకురావాలంటే ఎంత టెన్షనో స్కోరు చూస్తే అర్థం కాదు. 24-17తో ఓడిపోయి రజతంతో సరిపెట్టుకున్నారు. తర్వాత 2022లో ఈడెన్ పార్క్‌లో వరల్డ్ కప్ ఫైనల్, 18వ నిమిషంలో ఇంగ్లండ్ ప్లేయర్ ఒకావిడ ట్యాకిల్‌కి (పట్టుకుని పడేయడానికి) వచ్చి పోర్షియా తలకి తల కొట్టేసింది. ఆవిడకి రెడ్ కార్డ్, పోర్షియా ఆట కూడా అక్కడితో అయిపోయింది. న్యూజిలాండ్ 34-31తో కప్పు గెలిచింది, వరల్డ్ కప్ చరిత్రలో ఎక్కువ ట్రైలు కొట్టిన మనిషి మాత్రం మిగతా గంటంతా మైదానం బయటే. ఇలాంటివి ఏ హైలైట్స్‌లో పెడతారు చెప్పండి?

ఇక తిట్లు. వెతకడం ఘోరం. తోటి ప్లేయర్ రెనే విక్లిఫ్‌ని పెళ్లి చేసుకున్నాక పోర్షియా ఇంటిపేరు మారింది, ఈ యాప్‌కి మాత్రం పాత పేరు పోర్షియా, కొత్త పేరు పోర్షియా ఇద్దరు వేర్వేరు మనుషులు. పాత పేరు కొడితే కొన్ని మ్యాచ్‌లు, కొత్త పేరు కొడితే ఇంకొన్ని. దానికి తోడు వీడియో మీద కనిపించే బొమ్మ మీదే ఫైనల్ స్కోరు అచ్చేసి పెడతారు, ఇక చూడటం దేనికి? ట్రై ఎక్కడ పడిందో గుర్తు పెట్టరు, 80 నిమిషాల మ్యాచ్‌లో వేలితో జరుపుకుంటూ పోవాలి. వీడియో క్వాలిటీ ఫర్వాలేదు. యాడ్స్ భరించొచ్చు.

రగ్బీ బొత్తిగా తెలియనివాళ్లు 2024 పారిస్ ఒలింపిక్ ఫైనల్‌తో మొదలుపెట్టండి, కెనడా మీద 19-12. చిన్న మ్యాచ్, రూల్స్ వాటంతటవే పట్టుబడతాయి, నచ్చకపోయినా పోయేదేం లేదు.

నా రేటింగ్ 5కి 3.5. పారిస్ ఒలింపిక్స్ తర్వాత రిటైరైన పోర్షియా 2025 వరల్డ్ కప్‌కి మళ్లీ దిగింది కదా, ఆ మ్యాచ్‌లు ఇందులో ఇంకా ఎక్కించలేదు. ఎక్కిస్తే ఇంకో అర స్టార్ కలుపుతా.