డ్రగ్ కార్డుల రింగు: ఏళ్ల తరబడి జేబులో ఉంచుకున్నాక

ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) క్లాసులో మా మేడమ్ చేయించిన డ్రగ్ కార్డులు నేను ఇప్పటికీ వాడుతున్నాను. అరచేతిలో పట్టే గట్టి కాగితాలు, మందుకొకటి, మూలన చిల్లు, అన్నిటికీ కలిపి ఒక రింగు. చదివింది తిరుపతిలోనే, స్టాఫ్ నర్సుగా చేరిందీ ఇక్కడే. మెడికల్ వార్డు, లేబర్ రూమ్, క్యాజువాలిటీ, ఎక్కడ డ్యూటీ వేసినా ఆ రింగు నాతోపాటు వచ్చింది. బీఎస్సీ నర్సింగ్‌లో ఇప్పుడు ఫార్మకాలజీ మూడు, నాలుగు సెమిస్టర్లలో ఉంది. ఆ క్లాసుల్లోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

కాలేజీలో కార్డుకు ఒక నమూనా ఇస్తారు. మందు పేరు, గ్రూపు, ఎలా పనిచేస్తుంది, ఎందుకిస్తారు, ఎవరికి ఇవ్వకూడదు, సైడ్ ఎఫెక్ట్స్, చివర్న నర్సు బాధ్యతలు. పైవాటితోనే కార్డు నిండిపోయి, చివరిదానికి ‘వైటల్స్ (నాడి, బీపీ, శ్వాస, జ్వరం) చూడాలి’ అన్న ఒక్క ముక్క మిగులుతుంది. వార్డులో నాకు కావాల్సింది ఎప్పుడూ ఆ చివరి ముక్కే. అందుకని ముందువైపు ‘ఇచ్చే ముందు, ఇచ్చాక’ అని రెండు గళ్లు గీసి, మిగతాదంతా వెనక్కి పంపాను. ఈ కార్డులు ఇన్నేళ్లు నిలిచాయంటే ఆ మార్పు వల్లే.

గుండె జబ్బుకిచ్చే డిగాక్సిన్ చూడండి. ఇచ్చే ముందు గుండె మీద స్టెత్ పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టరుకు చెప్పాలి. కడుపులో తిప్పుతోందా, చూపు పచ్చగా కనిపిస్తోందా అని అడగాలి. పొటాషియం రిపోర్టు చూడాలి. అదే పేషెంటుకు మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్రూసెమైడ్ కూడా నడుస్తుంటే మూత్రంలో పొటాషియం పోతుంది, పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషమయ్యే ప్రమాదం పెరుగుతుంది. పుస్తకంలో ఈ రెండు మందులూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. నా రింగులో పక్కపక్కనే ఉంటాయి, ఎందుకంటే పేషెంటు ఒంట్లో అవి కలిసే ఉంటాయి.

లెక్కలకు కార్డు చాలా సాయం చేస్తుంది, కానీ ఎంత మందు ఎన్ని మిల్లీలీటర్లలో ఉందో రాసుకుంటేనే. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. రాస్తే మొదటిది 6 మి.లీ., రెండోది 3 మి.లీ. ఇన్సులిన్ ఇంకా జాగ్రత్త. మన దగ్గర వయల్స్‌లో (చిన్న మందు సీసాల్లో) ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లు, పెన్ను కార్ట్రిడ్జిలో 100. మి.లీ.కి 100 యూనిట్లున్న ఇన్సులిన్‌ను 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం గుర్తులేసిన సిరంజిలోకి లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది. ‘వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా?’ అన్న ప్రశ్న నా ఇన్సులిన్ కార్డు నెత్తిన పెద్దక్షరాల్లో ఉంటుంది.

మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పనిచేయబోయేవాళ్లకు పాముకాటు కార్డు తప్పనిసరి. చెనిక్కాయ చేలల్లో, రాత్రిపూట మోటారు వెయ్యడానికి వెళ్లినప్పుడు కాటుపడినవాళ్లు వస్తూనే ఉంటారు. విరుగుడుగా ఇచ్చే యాంటీ స్నేక్ వీనమ్ నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరల విషానికి పనిచేస్తుంది. పిల్లలకూ పెద్దలకూ డోసు ఒకటే, ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం వదలదు. గుర్రం రక్తం నుంచి తయారైన మందు కాబట్టి రియాక్షన్ రావచ్చు. ఆ రియాక్షన్‌కిచ్చే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకున్నాకే డ్రిప్ మొదలుపెట్టాలి. రక్తం గడ్డకట్టే పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు ట్యూబు కావాలి, 20 నిమిషాలు దాన్ని కదపకూడదు. పురుగుల మందు తాగినవాళ్లకిచ్చే అట్రోపిన్ కార్డు కూడా ఇలాగే పెరిగింది. కంటిపాపలు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా, చంకలు పొడిబారాయా, నాడి 80 దాటిందా అన్నవీ చూడాలి.

లోపాలు లేకపోలేదు. శానిటైజర్ తగిలితే జెల్ పెన్ను అక్షరాలు కారిపోతాయి, బాల్ పెన్నుతోనే రాయాలి. లామినేషన్ చేయిస్తే తుడుచుకోవచ్చు గానీ కొత్త విషయం చేర్చలేం. నేను పారదర్శక కవర్లలో పెడుతున్నాను, షిఫ్టు అయ్యాక కవర్లు తుడుస్తాను. బ్రాండ్ పేర్లు మారిపోతుంటాయి, జెనరిక్ పేరే రాసుకోవాలి. ఎప్పుడు సరిచూశామో తేదీ మూలన లేకపోతే ఆ కార్డును నమ్మకూడదు. కొత్త యాంటీబయాటిక్స్‌కు, ఒకదానితో ఒకటి పడని మందులకు ఫోన్‌లో యాప్ మేలు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది డాక్టరు ఆర్డరు, ఆసుపత్రి ప్రోటోకాల్ ప్రకారమే. కార్డు ఆ ఆర్డరు సరిగా ఉందా అని అడిగే ధైర్యం ఇస్తుంది.

‘అక్కా, మీ కార్డులు ఫోటో తీసుకోనా?’ అని జూనియర్లు అడుగుతుంటారు. తీసుకోనిస్తాను. కానీ అచ్చేసినవి కొన్నవాళ్లకూ, ఫోటోలు దాచుకున్నవాళ్లకూ గుర్తుండటం నేను పెద్దగా చూడలేదు. చేత్తో రాసినవాళ్లకే ఉంటుంది.

మొదలుపెట్టేవాళ్లు అక్షరక్రమంలో రాయకండి. ముందు పొటాషియం క్లోరైడ్ రాయండి, ‘నేరుగా నరంలోకి ఎప్పుడూ తొయ్యకూడదు, పలచన చేసి నెమ్మదిగా ఎక్కించాలి’ అని ఎర్రసిరాతో. తర్వాత ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, అడ్రినలిన్. ఆ వెంటనే గర్భిణులకు ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్, దాని కింద చూడాల్సినవి: మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం, ఇంకా విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్. ఈ ఐదూ అయ్యాక, మీ పోస్టింగ్ ఏ వార్డులో పడితే ఆ వార్డు మందుల ట్రాలీ దగ్గర నిలబడి, అక్కడున్న యాంప్యూల్స్ (ఇంజెక్షన్ మందు గాజు గొట్టాలు) మీది పేర్లు చూసి మిగతావి రాసుకోండి.