85 ఎంఎం, 135 ఎంఎం: సరిహద్దు ఊళ్ల పెళ్లిళ్లకు ఏది మేలు?

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడితే మా వైపు కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, కిట్ లెన్స్‌తో లాభం లేదు. వెనకంతా బ్లర్ రావాలి. 85 తీసుకోమంటావా, 135 తీసుకోమంటావా?" కిట్ లెన్స్ అంటే కెమెరాతో పాటు వచ్చేది. 85, 135 అంటే మిల్లీమీటర్లలో లెన్స్ ఫోకల్ లెంగ్త్; అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనబడుతుంది. మా వైపంటే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇంకాస్త అటు వెళ్తే బరంపురం. ఒక వారం తెలుగు పెళ్లి, మరో వారం ఒడియా పెళ్లి, మధ్యలో ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, స్కూళ్ల వార్షికోత్సవాలు. లెన్స్ సమీక్షల్లో కనబడేవి చాలావరకు విశాలమైన పార్కులో ఒక్క మోడల్‌ని నిలబెట్టి తీసిన ఫోటోలు. మన పని అలా ఉండదు. అందుకే మన ఇళ్లు, మన పందిళ్లు దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫుల్ ఫ్రేమ్ బాడీ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) ఉంటే మొదట 85 ఎఫ్ 1.8 కొనండి. ఎఫ్ నంబర్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే వెలుగు ఎక్కువ వస్తుంది. రెండోది 135 ఎఫ్ 2 గానీ, ఎఫ్ 1.8 గానీ. 85 ఎఫ్ 1.4 ఈ రెండింటి తర్వాతే. చాలామంది మొదటే అప్పు చేసి 1.4 మీదికి వెళ్తున్నారు. సంపాదన అంతంతమాత్రంగా ఉన్న ఈ ఊళ్లలో ఆ డబ్బు ఎక్కడ పెడితే ఫోటో నిజంగా మారుతుందో లెక్క వేసుకోవాలి.

వెనక్కి ఎంత జరగగలం?

అన్నిటికంటే ముందు చూడాల్సింది బ్లర్ కాదు, చోటు. ఫుల్ ఫ్రేమ్ మీద కెమెరా నిలువుగా పట్టి ఒక మనిషిని తలనుంచి కాళ్ల దాకా, పైనా కిందా కాస్త ఖాళీతో తీయాలంటే 85తో ఐదు మీటర్లు దాటి వెనక్కి రావాలి. 135 అయితే ఎనిమిది మీటర్లు దాటాలి. నడుము పైభాగం చాలనుకుంటే 85కి రెండున్నర మీటర్లు, 135కి దాదాపు నాలుగు. ఆరుగురు వరసగా నిలబడితే 85కి ఏడు మీటర్లు, 135కి పదకొండు.

ఇప్పుడు ఈ అంకెలను మన చోట్లలో పెట్టి చూడండి. పాత వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని, వెడల్పు తక్కువగా లోపలికి పొడుగ్గా ఉంటాయి. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో మంచం, బీరువా, పది మంది ఆడవాళ్లు. అక్కడ 85 కూడా ముఖం వరకే పట్టుకుంటుంది, 135 బ్యాగులోంచి బయటికి రాదు. వీధికి అడ్డంగా వేసిన పందిట్లో స్టేజీకి, మొదటి వరస కుర్చీలకు మధ్య ఉన్న ఖాళీలో వీడియో అతను గింబల్ (కెమెరా కుదుపు ఆపే పిడి) పట్టుకుని తిరుగుతుంటాడు. ఎనిమిది మీటర్లు వెనక్కి వెళ్లామంటే మన ముందు మేనమామలు, పిన్నులు, ఎత్తిన సెల్‌ఫోన్లు. ఒడియా పెళ్లిలో వేది చుట్టూ పెద్దలు దగ్గరగా కూర్చుంటారు. హాతగంఠి వేళ వధూవరుల చేతులు కలిపి కట్టేటప్పుడు మీరు వాళ్ల పక్కనే ఉండాలి. 85 లెన్సులు చాలావరకు 80, 85 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతాయి కాబట్టి ఆ రెండు చేతులతో ఫ్రేమ్ నిండుగా వస్తుంది.

135కి చోటు దొరికేది కల్యాణ మండపంలో, డాబా మీద, ఊరేగింపులో, అవుట్‌డోర్ షూట్‌లో. అలా దొరికిన చోట దాన్ని మించింది లేదు. అప్పగింతలప్పుడు తల్లి ముఖం తీయాలంటే దగ్గరికి వెళ్లకూడదు. కెమెరా కనబడగానే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని సర్దుకుంటుంది. హాలు అవతలి మూలనుంచి 135తో తీస్తే ఆ క్షణం ఆవిడదిగానే ఉండిపోతుంది. క్యాండిడ్ పేరుతో ముఖం మీద కెమెరా పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ ఒక్క కారణంతోనే నేను 135 వైపు మొగ్గుతాను.

క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా) వాళ్లకు లెక్క మారుతుంది. కేనన్ క్రాప్ మీద 85 పెడితే అది ఫుల్ ఫ్రేమ్‌లో 136లా, నికాన్ క్రాప్ మీద 127లా పనిచేస్తుంది. అంటే మీ 135 అదే. మీకు 85లా కావాలంటే 50 ఎఫ్ 1.8 కొనండి, ఖర్చు కూడా చాలా తగ్గుతుంది. క్రాప్ మీద 135 అంటే నిలువెత్తు ఫోటోకి పన్నెండు, పదమూడు మీటర్లు కావాలి. మన ఫంక్షన్లకు అది వద్దు.

బ్లర్ లెక్క

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే బ్లర్ అంత ఎక్కువ అనుకుని 85 ఎఫ్ 1.4కి పరుగెడతారు. దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత కరుగుతుందో తేల్చేది ఇంకో అంకె. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబర్‌తో భాగించండి. 85 ఎఫ్ 1.8కి 47 వస్తుంది, 85 ఎఫ్ 1.4కి 61. 135 ఎఫ్ 2కి 67, 135 ఎఫ్ 1.8కి 75. మనిషిని ఫ్రేమ్‌లో ఒకే సైజులో ఉంచి తీసినప్పుడు, దూరపు దీపాలు ఈ అంకెను బట్టే పెద్ద గుండ్రాలుగా విచ్చుకుంటాయి. అంటే పాతకాలపు 135 ఎఫ్ 2 కూడా 85 ఎఫ్ 1.4ని దాటేస్తుంది.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. ఒకే సైజు ఫ్రేమ్‌కి ముఖం మీద షార్ప్‌గా ఉండే డెప్త్ మాత్రం ఎఫ్ నంబర్‌నే బట్టి ఉంటుంది. తలా భుజాలూ నిండుగా వచ్చే క్లోజప్‌లో ఎఫ్ 1.4 దగ్గర డెప్త్ ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు. ఎఫ్ 2 దగ్గర రెండు సెంటీమీటర్ల దాకా వస్తుంది. పెళ్లికూతురు తల కాస్త తిప్పిందంటే 1.4లో ఒక కన్ను షార్ప్‌గా ఉంటే రెండోది జారిపోతుంది. 135 ఎఫ్ 2తో వెనకభాగం ఎక్కువ కరుగుతుంది, ముఖం మాత్రం ఎక్కువ నిలుస్తుంది. పోర్ట్రెయిట్‌కి కావాల్సింది ఇదే కదా.

మరొకటి, 85 చూసే కోణం 28.5 డిగ్రీలు, 135ది 18 డిగ్రీలు. ఈ తేడా శామియానా కింద బాగా తెలుస్తుంది. మన ఫంక్షన్లలో మనిషి వెనక ఉండేవి ప్లాస్టిక్ కుర్చీల దొంతర, కూలర్, మంచినీళ్ల క్యాన్లు, జనరేటర్ వైరు. 135 ఇరుకు కోణంతో వాటిలో సగం ఫ్రేమ్‌లోకే రావు. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలు, వెనక ఉత్త సీరియల్ లైట్లు మిగులుతాయి.

స్టేజీ మీద మాత్రం ఈ లెక్కలన్నీ సగమే పనిచేస్తాయి. పూల డెకరేషన్ జంటకు మీటరు వెనకే ఉంటుంది కాబట్టి ఏ లెన్సూ దాన్ని పూర్తిగా కరిగించలేదు. కరిగించాల్సిన పని కూడా లేదు. అంత డబ్బు పోసి వేయించిన డెకరేషన్ ఆల్బమ్‌లో కనబడాలని ఇంటివాళ్లు కోరుకుంటారు. అక్కడ ఎఫ్ 4 పెట్టి, ఫ్లాష్ వాడి, శుభ్రంగా తీయడమే పద్ధతి.

రాత్రి ముహూర్తం, ఎల్‌ఈడీ వెలుగు

మన ముహూర్తాలు చాలావరకు రాత్రివే. ఎఫ్ 2.8 జూమ్‌తో ఐఎస్‌ఓ (చీకట్లో పెంచే అంకె, పెంచేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 6400 కావాల్సిన చోట ఎఫ్ 2 లెన్స్‌తో 3200 చాలు. ఈ తేడా ప్రింట్‌లో కంటికి కనబడుతుంది. అదే ఎఫ్ 1.8 నుంచి 1.4కి వెళ్తే 3200 కాస్తా 2000 అవుతుంది. ఇప్పటి ఫుల్ ఫ్రేమ్ బాడీల్లో ఈ తేడాను ఆల్బమ్ చూసేవాళ్లు గుర్తుపట్టలేరు.

పైగా ఆ 1.4ను వాడుకునే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? జీలకర్ర బెల్లం తీసుకోండి. తెర అడ్డు తీయగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే క్షణం అది. రెండు ముఖాలు, రెండు చేతులు. ఇద్దరూ ఒకే దూరంలో ఉండరు. లెన్స్ తెరుపును ఎఫ్ 2.8కి తగ్గించకపోతే ఇద్దరిలో ఒకరు పోతారు. తలంబ్రాలప్పుడు ఇంకా ఎక్కువ తగ్గించాలి. మూడు రెట్లు పెట్టి కొన్న 1.4 ఆ రాత్రి ఎక్కువసేపు 2.8లోనే ఉంటుంది. మూడు రెట్లని ఊరికే అనడం లేదు. సోనీ 85 ఎఫ్ 1.8 2017లో 600 డాలర్లకు వస్తే, అంతకు ముందు ఏడాది వచ్చిన సోనీ ఖరీదైన శ్రేణి జీ మాస్టర్ 85 ఎఫ్ 1.4 ధర 1,800 డాలర్లు.

ఎల్‌ఈడీ ఫోకస్ లైట్ల సంగతి కూడా చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చవక లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. షట్టర్ సెకనులో వందో వంతు (1/100) దగ్గర ఉంచితే ఫోటోలో చారలు తగ్గుతాయి. 85ని 1/100 దగ్గర చేత్తో పట్టుకోవచ్చు. స్టెబిలైజేషన్ (చెయ్యి అదురును సర్దే ఏర్పాటు) లేని 135ని, లోపల స్టెబిలైజేషన్ లేని బాడీ మీద 1/100తో పట్టుకుంటే చెయ్యి అదిరే ప్రమాదం ఉంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్లు 135 కొనేముందు ఇది ఆలోచించాలి.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ యాత్రలో రాత్రిపూట పులివేషాలు తీయాలంటే 1/500కి తగ్గకూడదు. అక్కడ ఎఫ్ 1.8 ప్రాణం కాపాడుతుంది. జనంలో నడుస్తూ తీస్తే 85, ఎవరింటి మేడ మీదైనా చోటు దొరికితే 135.

మరి 70-200?

స్కూల్ వార్షికోత్సవాలు, రాయగడ చైతి ఉత్సవం లాంటి స్టేజీ కార్యక్రమాలే మీకు ఎక్కువైతే ప్రైమ్‌లు (85, 135 లాంటి జూమ్ కాని లెన్సులు) పక్కన పెట్టి 70-200 ఎఫ్ 2.8 జూమ్ కొనండి. 200 దగ్గర దాని బ్లర్ అంకె 71. అంటే 135 ఎఫ్ 2కి ఏమాత్రం తీసిపోదు. బరువు మాత్రం ఉంటుంది, కేనన్ పాత ఈఎఫ్ రెండో వెర్షన్ దాదాపు కిలోన్నర. ఎదురుకోలు నుంచి తెల్లవారి అప్పగింతల దాకా మెడలో అంత బరువు మోసి చూడండి, తెల్లారేసరికి చెయ్యి చెప్తుంది. నికాన్ 85 ఎఫ్ 1.8జీ 350 గ్రాములు, సోనీ 85 ఎఫ్ 1.8 371 గ్రాములు. ఒక బాడీకి 35, రెండో బాడీకి 85 తగిలించుకుంటే పెళ్లి మొత్తం తిరగొచ్చు.

ఏ కంపెనీలో ఏది?

కేనన్ ఈఎఫ్ 85 ఎఫ్ 1.8 1992 నాటిది, ఇప్పటికీ ఫోకస్ వేగంగా ఉంటుంది. ఒక్క లోపం, పూర్తిగా తెరిచినప్పుడు తెలుపు అంచుల్లో ఊదారంగు గీత వస్తుంది. మధుపర్కాల మీద, జరీ మెరుపుల మీద ఇది బాగా కనబడుతుంది. ఎఫ్ 2.8కి తగ్గిస్తే చాలావరకు పోతుంది. కేనన్ మిర్రర్‌లెస్ బాడీలకు చేసిన ఆర్ మౌంట్ 85 ఎఫ్ 2 మాక్రో 35 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది, నగలు, పుస్తెలు తీయడానికి మంచిది. చీకట్లో మాత్రం ఫోకస్ వెతుక్కుంటుంది, ముహూర్త సమయానికి నేను దాన్ని నమ్ముకోను. 135 ఎఫ్ 2ఎల్ 1996లో వచ్చింది, 750 గ్రాములు. అడాప్టర్‌తో కొత్త ఆర్ బాడీల మీద చక్కగా పనిచేస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే కేనన్ వాళ్లకు రెండో లెన్స్‌గా నా ఓటు దానికే.

సోనీ 135 ఎఫ్ 1.8 జీ మాస్టర్ 70 సెంటీమీటర్ల దూరంలో కూడా ఫోకస్ అవుతుంది కాబట్టి పోర్ట్రెయిట్, పుస్తెల క్లోజప్ రెండూ ఒక్క లెన్స్‌తో అవుతాయి. నికాన్ జెడ్‌లో 85 ఎఫ్ 1.8 ఎస్ పూర్తిగా తెరిచినా ఎంతో శుభ్రంగా ఉంటుంది. 2023లో వచ్చిన 135 ఎఫ్ 1.8 ప్లీనా అద్భుతమైన లెన్స్, దానికి తగ్గ పెళ్లిళ్లు దొరికినప్పుడే కొనండి. పోర్ట్రెయిట్లే జీవనాధారమై 1.4 తప్పదనుకునే సోనీ వాళ్లకు సిగ్మా 85 ఎఫ్ 1.4 డీజీ డీఎన్ ఆర్ట్ మేలు, బరువు సుమారు 630 గ్రాములే. అదే సిగ్మా 2016లో డీఎస్‌ఎల్‌ఆర్ కోసం చేసిన 85 ఆర్ట్ కిలో దాటిపోతుంది.

నికాన్‌లో సెకండ్‌హ్యాండ్ 135 ఎఫ్ 2 డీసీ ఎవరైనా చూపిస్తే జాగ్రత్త. అది డీ రకం, లోపల ఫోకస్ మోటారు ఉండదు. డీ5600 లాంటి బాడీల మీదా, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (పాత నికాన్ లెన్స్‌ను జెడ్ బాడీకి తగిలించేది) మీదా ఆటోఫోకస్ రాదు. ఏ పాత లెన్స్ అయినా రెండు మూతలూ తీసి, అపర్చర్ తెరిచి, వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూడండి. గోపాల్‌పూర్, బరంపురం వైపు సముద్రపు తేమ, కోరాపుట్ కొండల్లో నెలల తరబడి ముసురు. ఈ రెండు చోట్లా లెన్సులకు ఫంగస్ తొందరగా పడుతుంది. సాలెగూడులాంటి పోగులు కనబడితే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. కొన్న తర్వాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి.

కొనేముందు ఒక ఫంక్షన్‌లో ఇలా చేసి చూడండి. మీ దగ్గరున్న జూమ్‌ని 85 దగ్గర ఉంచి, రింగ్ తిప్పకుండా ఒక గంట తీయండి. తర్వాత గంట 135 దగ్గర. ఇంటికొచ్చాక ఏ ఫోటోలు ఎక్కడ నిలబడి తీశారో, ఎక్కడ గోడ వీపుకు తగిలిందో చూసుకోండి. 85 కూడా పట్టని గది ఏదో అప్పుడే తెలిసిపోతుంది, ఆ గదికి 35 తీసుకెళ్లాలి.