మనసు డాక్టర్లలో ఎవరు దేనికి: ఓసీడీతో ఎనిమిదేళ్లు తిరిగాక నా సమీక్ష

మాది విజయవాడ, నేను స్కూల్ టీచర్ని. 2017 నుంచి ఇప్పటిదాకా ఒక నరాల డాక్టరు, ఒక కౌన్సెలరు, ఒక సైకియాట్రిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కూర్చున్నాను. ఇదే వరుసలో వెళ్లాను. చివరి ఇద్దరి దగ్గరికి ముందే వెళ్లి ఉంటే ఏడాదిన్నర నరకం తప్పేది. ఇంకొకరికి ఆ ఏడాదిన్నర మిగలాలనే ఇది రాస్తున్నాను.

ఓసీడీ అంటే అక్కర్లేని ఆలోచన పదేపదే వచ్చి, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. ముందు నా బాధ ఎలాంటిదో చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికి స్కూలుకి బయల్దేరాలి. గ్యాస్ రెగ్యులేటరు కట్టేసి, తాళం వేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, తాళం తీసి రెగ్యులేటరు పట్టుకుని చూసేదాన్ని. చెయ్యి దాని మీద ఉండగానే కట్టానా లేదా అని అనుమానం. కళ్లకు కనిపిస్తున్నా మనసు ఒప్పుకోదు. పదిసార్లు, పదిహేనుసార్లు. నా వల్ల అపార్ట్‌మెంటంతా తగలబడిపోతుందని, మూడో అంతస్తులో పసిపిల్ల ఉందని, ఒకటే గుబులు. ఇంట్లో దీనికి పెట్టిన పేరు చాదస్తం. మా అమ్మకీ ఇలాంటిదే ఉండేది. ఆవిడదీ చాదస్తమే అన్నారు. ఏ డాక్టరుకీ చూపించకుండానే పోయింది.

నిద్ర పట్టక తల దిమ్ముగా ఉంటుంటే నరాల బలహీనతేమో అన్నారు అత్తయ్యగారు. అలా న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. స్కానింగ్ బాగానే ఉంది. బలానికి బిళ్లలు, నెల రోజులకి నిద్రమాత్ర రాశారు. ఆయన్ని నేను తప్పుపట్టను. మూర్ఛ, పక్షవాతం, పార్శ్వపు నొప్పి ఆయన పని. పైగా నేను నిద్ర సంగతే చెప్పాను, గ్యాస్ సంగతి దాచాను. మన దగ్గర మనసు బాగాలేకపోతే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లడం అలవాటు. పిచ్చి అనే మాట పడకుండా ఉంటుందని.

తర్వాత కౌన్సెలింగ్. బోర్డు మీద సైకాలజిస్ట్ అని ఉంది, ఏం చదివారో నేను అడగలేదు. ఎనిమిది నెలలు వెళ్లాను. ఆవిడ ఓపిగ్గా వినేవారు, నేను ఏడ్చేదాన్ని, ఇంటికొచ్చేసరికి తేలిగ్గా ఉండేది. ఒకరోజు సలహా ఇచ్చారు: కట్టేసిన రెగ్యులేటరుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి, అనుమానం వచ్చినప్పుడల్లా చూసుకోండి అని. వారం రోజులు హాయిగా ఉంది. తర్వాత, ఈ ఫొటో ఇవాళ్టిదేనా అని అనుమానం. తీశాక చెయ్యి తగిలి తిరిగిందేమో అని ఇంకో అనుమానం. ఫొటోలు పోయి వీడియోలు వచ్చాయి. ఒక నెలలో వెయ్యికి పైగా పోగయ్యాయి. క్లాసులో బోర్డు మీద లెక్క రాస్తూ మధ్యలో ఆపి ఫోను చూసుకునేదాన్ని.

ఓసీడీకి భరోసాయే మేత అని చాలా ఆలస్యంగా తెలిసింది. ఏం కాదులే అన్న ప్రతిసారీ కాసేపు తగ్గి, మరింత బలంగా తిరిగొస్తుంది. ఆవిడ మంచి మనిషి, కానీ నా జబ్బు ఆవిడ చేతికి అందేది కాదు. అలాగని కౌన్సెలర్లు వద్దనను. మా పెదనాన్న కూతురు, భర్త పోయినప్పుడు కౌన్సెలింగ్‌కి వెళ్లాకే మళ్లీ మనిషైంది. భార్యాభర్తల గొడవలు, పిల్లల పరీక్షల బెంగ, ఉద్యోగంలో ఒత్తిడి, పుట్టెడు దుఃఖం, వీటికి మంచి కౌన్సెలరు చాలు. నిద్ర, తిండి, పని మూడూ దెబ్బతింటున్నా, చేసిందే చేస్తున్నా, లేని మాటలు వినిపిస్తున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా అక్కడ ఆగిపోకండి.

2018 నవంబర్‌లో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. ఆ మెట్లెక్కడానికి రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. మొదటిసారి నలభై నిమిషాలు మాట్లాడారు. థైరాయిడ్ పరీక్ష రాశారు. తర్వాత ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే యేల్-బ్రౌన్ స్కేలు: 10 ప్రశ్నలు, 40 మార్కులు. నాకు 27 వచ్చాయి. 24 నుంచి తీవ్రం కింద లెక్క. "దీనికి పేరుందమ్మా, చాదస్తం కాదు, ఓసీడీ" అన్నారాయన. ఆ మాటకి నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

సెర్ట్రలిన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచారు. ఓసీడీకి మందు పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుందని, మీ అంతట మీరు ఆపొద్దని ముందే చెప్పారు. మొదటి వారం వికారం, విరేచనాలు. ఆ మాట ముందే చెప్పకపోయుంటే బిళ్లలు పారేసేదాన్ని. మూడో నెల దాటాక ఆలోచన వచ్చేది కానీ మునుపటిలా పీక పట్టుకునేది కాదు. స్కోరు 18కి దిగింది.

లోటు కూడా చెప్పాలి. రెండో నెల నుంచి విజిట్ ఏడెనిమిది నిమిషాలే. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అర్థమైంది, ఆయన పని జబ్బు గుర్తించడం, మందు సరిచూడడం. ఎంబీబీఎస్ చదివి, ఆపైన సైకియాట్రీ చేసిన వాళ్లు వీళ్లు, మందు రాసే చదువు వీళ్లది. నాకు మేలు చేసింది ఆయన చీటీ కింద రాసిన ఒక్క వాక్యం: ఈఆర్‌పీ చేసే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) ఓసీడీకి చేసే థెరపీ, అదెలా ఉంటుందో కింద చెబుతాను.

ఈసారి చదువు అడిగాను. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన వాళ్లు. చాలామంది ఎంఫిల్ చేసి ఉంటారు. ఆ రిజిస్ట్రేషన్‌కి సీఆర్‌ఆర్ అనే నంబరుంటుంది. అడిగితే నొచ్చుకోని వాళ్ల దగ్గరికే వెళ్లండి. ముగ్గురికి ఫోన్ చేసి ఈఆర్‌పీ చేస్తారా అని అడిగాను. ఒకరు అన్నీ చేస్తామన్నారు. ఒకరు ధ్యానం నేర్పిస్తామన్నారు. మూడో ఆవిడ నన్నే తిరిగి అడిగారు: "మీ ఇంట్లో ఎవరైనా మీ బదులు చెక్ చేస్తున్నారా?" రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చి రెగ్యులేటరు చూసి నాకు ఫోన్ చేసేవారు మా ఆయన. ఆవిడ దగ్గరే చేరాను.

ఈఆర్‌పీ అంటే భయానికి ఎదురుగా నిలబడి, చెక్ చేయకుండా ఉండడం. తేలిక నుంచి కష్టానికి మెట్లుగా రాసుకుంటాం. ఒక సెషన్ బాగా గుర్తుంది. ఒక్కసారి కట్టి, ఒక్కసారి తాళం వేసి, కింద గేటు దగ్గర వీడియో కాల్‌లో నిల్చున్నాను. ఐదు నిమిషాలకోసారి గుబులు వందకి ఎంతో చెప్పాలి. 90. 90. 95. చెమటకి ఫోను జారిపోతోంది. వాచ్‌మన్ ఏమైందమ్మా అని వచ్చాడు. 80. నలభై నిమిషాలకి 35. పైకి వెళ్లలేదు, అయినా తగ్గింది. అలా తగ్గుతుందని అంతకుముందు ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు.

భాష సంగతి ఎవరూ పట్టించుకోరు, నా అనుభవంలో అది సగం వైద్యం. మొదటి సెషన్లో "ఆంగ్జయిటీ ఎంత ఉంది?" అంటే జవాబు రాలేదు. "గుబులు ఎంత?" అనగానే అంకె వచ్చింది. ఇంగ్లీషులో చెబుతుంటే వేరెవరి కథో చెబుతున్నట్టుండేది. తెలుగులో మాట్లాడే మనిషి మీ ఊళ్లో లేకపోతే వీడియోలో వెతకండి. నేను హైదరాబాద్ ఆవిడతో అలాగే చేశాను.

ఖర్చు గట్టిగానే అయింది. సెషన్ 1,200 రూపాయలు, మొదటి దఫా 18 సెషన్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒంటి జబ్బులతో సమానంగా మనసు జబ్బులకీ బీమా ఇవ్వాలంటుంది. కానీ నా పాలసీలో ఆసుపత్రిలో చేరితేనే డబ్బు, సెషన్లకి లేదు. అంత పెట్టుకోలేని వాళ్లకి విశాఖలో చినవాల్తేరు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. ఎర్రగడ్డ పేరుని తిట్టుగా వాడేవాళ్లని చూస్తే ఇప్పుడు ఊరుకోలేను. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. అర్ధరాత్రి ఎవరూ దొరకనప్పుడు 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. జబ్బు తిరగబెట్టిన ఒక రాత్రి నేను చేశాను. పూర్తి వైద్యం కాదు కానీ తెల్లారేదాకా నన్ను నిలబెట్టింది.

ఇప్పుడు స్కోరు 9. సైకియాట్రిస్టుని మూడు నెలలకోసారి, సైకాలజిస్టుని అవసరమైతేనే. మందు ఇంకా వాడుతున్నాను. మా ఆయనకీ ఆవిడ పని చెప్పారు: భరోసా ఇవ్వడం మానేయాలని. "గ్యాస్ కట్టానా?" అని అడిగితే ఇప్పుడాయన "తెలియదు" అంటారు. మొదటిసారి ఆ మాటకి గంటసేపు ఏడ్చాను. రెగ్యులేటరు ఫొటోలన్నీ డిలీట్ చేసింది ఆ నెలలోనే, ఆవిడ చూస్తుండగా, ఒక్కొక్కటీ.