బెంచికి ఎదురుగా రెండు సీట్లు: ఏడు సీజన్లు, నలుగురు కోచ్‌లు

ముందు సీటు సంగతి. సెయింట్ లూయిస్ డౌన్‌టౌన్‌లో ఎంటర్‌ప్రైజ్ సెంటర్, పై అంతస్తు, మూడో వరస, మధ్య గీతకి కొంచెం ఎడమగా రెండు కుర్చీలు. నా ఎత్తుకి మోకాళ్లు ముందు కుర్చీకి ఆనతాయి. చలి మరీ అంత ఉండదు గానీ మా ఆవిడ శాలువా లేకుండా రాదు. ఎన్‌హెచ్‌ఎల్ లీగ్‌లో ఆడే బ్లూస్ అనే ఐస్ హాకీ జట్టు సీజన్ టికెట్లు ఇవి. 2018 నుంచి నలుగురు తెలుగువాళ్లం కలిసి తీసుకుంటున్నాం. 2025-26 దాకా సీజన్‌లో ఒక్కో జట్టుకి 82 మ్యాచ్‌లు, అందులో 41 సొంతూళ్లో. ప్రతి సెప్టెంబర్‌లో బాల్విన్‌లో మా ఇంట్లో పెసరట్లు తింటూ చీటీలు వేసి ఆ 41నీ పంచుకుంటాం. మా చిరకాల ప్రత్యర్థి చికాగోతో మ్యాచ్ ఎవరికి తగిలితే వాళ్లు ఆ ఏడాది అంట్లు తోమాలని రూలు. ఇంతవరకూ ఎవరూ తోమలేదు.

ఈ సీట్ల అసలు గొప్ప వేరే ఉంది. ఐస్ హాకీలో రెండు జట్ల బెంచీలూ ఒకవైపే ఉంటాయి. తప్పు చేసినవాణ్ని రెండు నిమిషాలు కూర్చోబెట్టే పెనాల్టీ బాక్సులు ఎదురువైపు. మా సీట్లు పెనాల్టీ బాక్సుల పైన. అంటే మ్యాచ్ జరిగినంతసేపూ మా కళ్లకెదురుగా ఉండేది కోచ్ మొహం. టీవీలో చూసేవాళ్లకి పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) కనబడుతుంది, మాకు కోచ్ కనబడతాడు. ఆటగాళ్లు ముప్పావు నిమిషానికోసారి గోడ దూకి మారుతుంటారు. ఎవరు దూకాలో వెనకనుంచి వీపు తట్టి చెప్పేది ఆయనే. సొంతూరి కోచ్‌కి ఇంకో సౌకర్యం, ఆట ఆగినప్పుడు అవతలివాడు మనుషుల్ని మార్చాక మనం మార్చుకోవచ్చు. ఆ పేకాట అంతా మా సీట్లలోంచి బాగా కనిపిస్తుంది. కింది వరసల్లో అద్దం పక్కన కూర్చుని మూడింతలు డబ్బు పోసేవాళ్లకి ఈ భాగ్యం లేదు.

ఏడు సీజన్లలో ఆ ఎదురు బెంచి వెనక నలుగురు మనుషుల్ని చూశాను. ఇద్దరి ఆఖరి రాత్రి నేను ఇక్కడే ఉన్నాను.

మొదటిది 2018 నవంబర్ 19, సోమవారం. లాస్ ఏంజెలెస్ చేతిలో 2-0తో ఓడాం. అప్పటికి నాకు హాకీ సరిగ్గా తెలియదు, ఐసింగ్ అంటే కేకు మీద పూసేదే అనుకుంటున్న రోజులు. కోచ్ మైక్ యో మొహం మాత్రం గుర్తుంది. ఆఖరిదైన మూడో పీరియడ్‌లో తల తిప్పి స్కోరుబోర్డు చూడటం కూడా మానేశాడు. అదే రాత్రి తీసేశారు. మర్నాడు ఆఫీసులో మా ఖమ్మం మిత్రుడు, "అన్నా, నువ్వు వెళ్లొచ్చినవ్, ఆయన వెళ్లిపోయిండు" అన్నాడు. ఐరన్ లెగ్ అనే బిరుదు అక్కడ మొదలైంది.

పక్కనే నిలబడే సహాయ కోచ్ క్రెయిగ్ బెరుబేని తాత్కాలికంగా పెట్టారు. ఆటగాడిగా ఉన్నప్పుడు మూడు వేల పైచిలుకు నిమిషాలు పెనాల్టీ బాక్సులో గడిపిన మనిషి. అంటే మా సీట్ల కిందే ఎక్కువ జీవితం గడపాల్సినవాడు. తర్వాత జరిగింది ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు: జనవరి మొదట్లో 31 జట్లలో అట్టడుగున ఉన్న టీము, జూన్ 12న బోస్టన్‌లో ఫైనల్లో ఆఖరిదైన ఏడో మ్యాచ్ 4-1తో గెలిచి, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది. 1967లో జట్టు పుట్టాక అదే మొదటి కప్పు. మార్కెట్ స్ట్రీట్‌లో ఊరేగింపుకి మా అబ్బాయిని భుజాల మీద ఎక్కించుకుని వెళ్లాను.

దాంతో ఊరంతా, ఆ తర్వాత లీగంతా ఒక పాఠం నేర్చేసుకుంది. కోచ్‌ని మారిస్తే కప్పొస్తుంది. నేనూ నమ్మాను. తర్వాత లాక్‌డౌన్‌లో పని లేక, పాత స్కోర్లు ముందేసుకుని లెక్క కట్టాను. యో ఇక్కడ తన ఆఖరి సీజన్‌లో 19 మ్యాచ్‌లు నడిపాడు: 7 గెలుపులు, 9 ఓటములు, అదనపు సమయంలో పోయినవి 3. గెలిస్తే రెండు, అదనపు సమయంలో ఓడితే ఒకటి చొప్పున 17 పాయింట్లు. అట్టడుగున ఉన్న రోజుకి బెరుబే 18 మ్యాచ్‌లు నడిపాడు: 8, 9, 1. అవీ 17 పాయింట్లే. ఆరు వారాల పాటు కొత్త కోచ్ తెచ్చిన తేడా, అవే పాయింట్లు ఒక్క మ్యాచ్ తక్కువలో రావటం. జనవరి 7న ఫిలడెల్ఫియాలో జోర్డాన్ బినింగ్‌టన్ అనే కుర్ర గోలీ (గోల్ కీపర్) మొదటిసారి మొదటినుంచీ నిలబడ్డాడు, 3-0తో గెలుపు. అక్కణ్నించి ఆ పిల్లాడి లెక్క 24 గెలుపులు, 5 ఓటములు, 1. ఆ గోలీని బరిలోకి దింపినవాడు బెరుబేనే కదా అంటారు మావాళ్లు. నిజమే. ముందున్న గోలీలు ఆదుకుని ఉంటే ఆ కుర్రాడికి అవకాశమే వచ్చేది కాదన్నదీ నిజమే. నా లెక్క చూసి ఖమ్మం మిత్రుడు, "నీకు కప్పొచ్చినా ఏడుపే" అన్నాడు.

అయినా ఆ మనిషిని చూడటం నాకిష్టం. చేతులు కట్టుకుని, తేడా వస్తే దవడ మాత్రం కదిలేది. అరిస్తే మా వరస దాకా వినబడకపోయినా బెంచి మీద భుజాలు సర్దుకోవటం కనబడేది. జూన్ 24న తాత్కాలికం తీసేసి మూడేళ్ల ఒప్పందం ఇచ్చారు. మా భాషలో కాంట్రాక్ట్ టు హైర్.

మా భాష అంటే కన్సల్టెన్సీ భాష. ఈ సీట్లలో కూర్చునే నలుగురం కాంట్రాక్టు మీద బతికేవాళ్లమే. మాకు బెంచి అంటే వేరే అర్థం. ప్రాజెక్టు పోతే బెంచి మీదున్నాడంటారు. 2023 మార్చిలో నేను పనిచేస్తున్న చోట ఒక శుక్రవారం పదకొండింటికి పావుగంట మీటింగ్ పెట్టారు. పన్నెండుకల్లా లాప్‌టాప్ లాక్. వీసా లెక్కన చేతిలో 60 రోజులు. యాభై రెండో రోజున ఇంకో ప్రాజెక్టు దొరికింది. ఆ యాభై రెండు రోజుల్లో మా ఆవిడ సీజన్ టికెట్ల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది.

అప్పట్నించి కోచ్‌ల ఉద్యోగాల మీద నా చూపు మారింది. ముందు జాలి, తర్వాత అసూయ. హాకీ కోచ్‌ని తీసేసినా ఒప్పందంలో మిగిలిన కాలానికి జీతం ఆగదు. ఇంకో జట్టులో చేరితే మామూలుగా ఆ మేరకు తగ్గించుకుంటారు, అంతే. 2011లో బ్రూస్ బుడ్రోని వాషింగ్టన్ నవంబర్ 28న తీసేస్తే 30న అనహైమ్ తీసుకుంది. రెండు రోజుల బెంచి! ఈ విషయం మా గుంపులో చెబితే అతని రెజ్యూమె ఫార్మాట్ అడిగారు. మర్యాద మాత్రం మాకన్నా వాళ్లకేం ఎక్కువ లేదు. 2016లో ఫ్లోరిడా కోచ్ జెరార్డ్ గాలంట్‌ని కారొలైనాలో మ్యాచ్ అయిన వెంటనే తీసేశారు. సామాను సర్దుకుని అరీనా బయట టాక్సీ ఎక్కుతున్న ఫొటో లోకమంతా చూసింది. నా శుక్రవారం నాడు కనీసం ఫొటో తీసేవాడు లేడు.

ఇంతకీ ఆటగాళ్లు ఆడకపోతే కోచ్‌ని ఎందుకు మారుస్తారు? పక్క సీటువాళ్లు అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఇదే. 20 మందిని మార్చలేరు. వాళ్లలో ముఖ్యుల ఒప్పందాలు ఏడెనిమిదేళ్లవి, కొందరికి బదిలీకి ఒప్పుకోనని చెప్పే హక్కు రాసిచ్చి ఉంటారు. పైగా జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన గరిష్ఠ పరిమితి ఉంది, 2023-24లో అది 8 కోట్ల 35 లక్షల డాలర్లు. ఒకణ్ని పంపి ఇంకొకణ్ని తేవాలంటే ఆ లెక్క కుదరాలి. కోచ్ జీతం మాత్రం ఆ పరిమితిలోకి రాదు. అందుకని నవంబర్, డిసెంబర్ నెలల్లో మేనేజర్ చేతికి అందే మీట ఆ ఒక్కటే. మోటారు కాలిందో వైండింగ్ పోయిందో తెలియకపోయినా ముందు ఫ్యూజు మార్చి చూస్తాం కదా. ఒక్కోసారి కరెంటు అప్పుడే వస్తుంది, ఫ్యూజుకి పేరొస్తుంది.

రెండో రాత్రి 2023 డిసెంబర్ 12, మంగళవారం. డెట్రాయిట్ మీద 6-4తో ఓటమి, వరసగా నాలుగోది. ఈసారి నాకు ఆట తెలుసు, మొహాలు చదవటం కూడా తెలుసు. బెరుబే చేతులు కట్టుకునే ఉన్నాడు, కాకపోతే బెంచి మీద భుజాలు సర్దుకోలేదు. అది చూసి మా అబ్బాయితో "ఈయన పనైపోయింది నాన్నా" అన్నాను. మెట్రోలింక్ రైలు దిగి ఇల్లు చేరేసరికి ఫోన్‌లో వార్త. కప్పు తెచ్చిన మనిషి, ఒప్పందం గడువు ఇంకా తీరలేదు, ఆ సీజన్ లెక్క 13 గెలుపులు, 14 ఓటములు, అదనపు సమయంలో పోయింది 1. మరీ ఘోరమేమీ కాదు. అబ్బాయి ఆ రాత్రి ఐరన్ లెగ్ అంటే ఏంటని అడిగాడు. ఎవరు చెప్పారో నాకు తెలుసు.

డ్రూ బానిస్టర్‌ని స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని కింది స్థాయి జట్టునుంచి తెచ్చారు. 54 మ్యాచ్‌ల్లో 30 గెలిచాడు, ప్లేఆఫ్‌లు కొద్దిలో తప్పాయి. 2024 మేలో రెండేళ్లకి ఖాయం చేశారు. ఏడు నెలలు తిరక్కుండా, 22 మ్యాచ్‌లకే, నవంబర్ 24న తీసేశారు. ఈ ఒక్కటీ నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎందుకంటే ఆయన ఉద్యోగం పోయింది సెయింట్ లూయిస్‌లో కాదు, బోస్టన్‌లో. నవంబర్ 19న బోస్టన్ జిమ్ మాంట్‌గొమరీని తీసేసింది. రెండేళ్ల కిందట ఒకే సీజన్‌లో 65 గెలుపులు, 135 పాయింట్లతో లీగ్ రికార్డు కొట్టిన కోచ్. అంతకుముందు ఇక్కడే సహాయ కోచ్‌గా చేశాడు కాబట్టి అప్పటి మన మేనేజర్ డగ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి బాగా తెలిసినవాడు. ఐదు రోజుల్లో ఐదేళ్ల ఒప్పందం. మంచి సరుకు సంతలోకొచ్చిందని ఇంట్లో ఉన్నదాన్ని బయటపెట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్నేమో. అయినా బానిస్టర్ వైపే నా ఓటు, బహుశా ఆ పావుగంట మీటింగ్ వల్ల. అన్నట్టు తీసేసిన రోజు టీము ఊళ్లో లేదు, ఆ వారం నేను ఏ మ్యాచ్‌కీ వెళ్లలేదు. ఐరన్ లెగ్ కేసు కొట్టేయాలని గట్టిగా వాదించాను.

మాంట్‌గొమరీ వచ్చాక 60 మ్యాచ్‌ల్లో 35 గెలుపులు, వసంతంలో వరసగా 12. జట్టు చరిత్రలోనే అంత పొడుగు వరస లేదు. ప్లేఆఫ్ మొదటి రౌండ్లో విన్నిపెగ్ మీద ఏడో మ్యాచ్ ఆఖరి క్షణాల దాకా మనదే, అప్పుడు స్కోరు సమం చేశారు, రెండో అదనపు పీరియడ్‌లో 4-3తో పోయింది. మే 4 అది. ఇంట్లో టీవీ కట్టేశాక కూడా చాలాసేపు సోఫాలోనే ఉన్నాను. ఈయన బెంచి వెనక ఒక్కచోట నిలబడడు. ఒక కుర్రాడు పక్ పోగొట్టుకుని వస్తే వంగి చెవిలో ఏదో చెబుతాడు, వాణ్నే మళ్లీ దింపుతాడు. టీవీలో ఇది దొరకదు.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకి. కారు డౌన్‌టౌన్ దాకా తేవద్దు. దగ్గర్లోని ఒక పార్కింగ్ గరాజులో బయటికి రావటానికి నాకు యాభై నిమిషాలు పట్టింది, అదీ ఓడిపోయిన రాత్రి. ష్రూస్‌బరీ స్టేషన్లో ఆపి మెట్రోలింక్ బ్లూ లైన్ ఎక్కితే సివిక్ సెంటర్‌లో దిగగానే అరీనా. శాకాహారులకి లోపల ప్రెట్జెల్, పాప్‌కార్న్ తప్ప నేను ధైర్యంగా చెప్పగలిగేవి లేవు. ఈ ఊరి ప్రత్యేకమైన వేయించిన రవియోలిలో మామూలుగా మాంసం ఉంటుంది, అడక్కుండా కొనకండి. మేం స్టేషన్ పార్కింగ్‌లో కార్లోనే పులిహోర తినేసి బయల్దేరతాం. చిన్నపిల్లలుంటే చెవులకి ఏదైనా పెట్టండి, గోల్ పడ్డప్పుడు మోగే హారన్ మామూలుది కాదు. టికెట్ కొనేటప్పుడు పటం చూసి పెనాల్టీ బాక్సుల వైపు ఎంచుకోండి, మధ్య గీతకి దగ్గరగా, పైన. ఐదుకి నాలుగు చుక్కలు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ మోకాళ్లకి పోయింది.

2025-26కి కూడా చీటీలు వేశాం. నాకు పది మ్యాచ్‌లు వచ్చాయి, అందులో మూడు నవంబర్ నెలవి. ఖమ్మం మిత్రుడు ఒక్క మాట మాట్లాడకుండా ఆ మూడూ తీసుకుని తన జనవరి మ్యాచ్‌లు నా ముందు పెట్టాడు.