అరకేరియానా, థూజానా?

హైదరాబాద్ నర్సరీల్లో 'క్రిస్మస్ చెట్టు' అని చేతిలో పెట్టేది ఎక్కువగా అరకేరియానే. థూజా అంటే మోర్‌పంఖి, చేతులు జోడించినట్టు నిలువుగా మడిచిన ఆకులు.

ఖర్చు: థూజా చవక. అరకేరియాకి ఎత్తు పెరిగేకొద్దీ రేటు.

చోటు: అరకేరియా సొంతూరు పసిఫిక్‌లోని నార్‌ఫోక్ దీవి, అక్కడ 50 మీటర్ల దాకా లేస్తుంది, ఇక్కడ అంత కాకపోయినా కరెంటు తీగల కింద పెడితే తర్వాత ఏడవాలి. థూజా కుండీలోనూ సర్దుకుంటుంది.

శ్రమ: థూజాని కత్తిరించుకోవచ్చు, కానీ ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కోస్తే మళ్లీ చిగురించదు. అరకేరియా కొన తెగితే అంతే; మాది కోతి విరిచేసింది, ఇప్పటికీ ఊచలు విరిగిన గొడుగులా ఉంది.

రిస్క్: నీళ్లు నిలిస్తే రెండింటికీ వేరుకుళ్లే.

గేటు పక్కకి, బాల్కనీకి థూజా. ఖాళీ పెరడు, ఓపిక ఉంటే అరకేరియా.